వెనక నుంచి తీసిన ఊరు

మా ఫోటోల అన్న తీసిన బొమ్మలను నమ్మాల్సి వస్తే, నేను కొత్తగా కాపురానికి వచ్చిన కాలంలో కరీంనగర్ జనానికి ముఖాలు లేవనే అనుకోవాలి. వీపులున్నాయి, మెడలున్నాయి, తలరుమాళ్లు, కొప్పులు, నెత్తిన గంపలు, భుజాన మూటలు ఉన్నాయి. ముఖం మాత్రం ఎక్కడో ఒకటి, అదీ ఎవరో పిలిస్తే ఆ మనిషి పొరపాటున తిరిగినందుకు పడ్డది.

ఆయన పోయి ఏడాది కావస్తోంది. మొన్న ఆయన కోడలు వచ్చి, పాత పేపర్లో చుట్టిన ఒక కాగితాన్ని నా చేతిలో పెట్టింది. అటక సర్దుతుంటే దొరికిందట. మిగతావన్నీ చెదలు తిన్నాయట, ఇదెట్లా మిగిలిందో తెలియదట. మామ తీసిన వీధి ఫోటోలు మా ఇంట్లో ఎవరికీ అర్థం కావు, మీరే చూసేవారట గదా అత్తా అంది. అర్థం కావడానికి అందులో ఏముంది, చూడడానికి తీరిక ఉండాలి గానీ. నాకు అప్పుడూ తీరిక ఉండేది, ఇప్పుడూ ఉంది. కళ్లే కాస్త తగ్గాయి. భూతద్దం తెచ్చుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఆ కాగితం సంగతి ఈ కాలం వాళ్లకు కొంచెం చెప్పాలి. ఆయన కెమెరాలో ఒక రీలుకు పన్నెండు బొమ్మలు. రీలు కడిగాక దాన్ని వరసలుగా కత్తిరించి, ఫోటో కాగితం మీద పరిచి, పైన అద్దం ఒత్తిపెట్టి, ఒక్క క్షణం దీపం వేసి తీసేస్తే, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా పన్నెండు బొమ్మలూ ఒకే కాగితం మీద పడతాయి. దాన్ని కాంటాక్టు అనేవాడాయన. ఏది పెద్దది చేయాలో చూసుకోవడానికి వేసే నమూనా అన్నమాట. కావలసిన దానికి ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టి, పని కాగానే ఆ కాగితాన్ని మూలకు పడేస్తారు లోకంలో ఫోటోగ్రాఫర్లంతా. ఈయన దాచుకునేవాడు.

నా చేతిలో ఉన్న దాంట్లో మొదటి మూడు బొమ్మలు హుజూరాబాద్ పిల్లవి. పెళ్లివారికి పంపడానికి తీయించిన ఫోటో. వెనక గుడ్డ మీద రాజుగారి తోట, పాలరాతి మెట్లు, ఒక హంస. ముందు కుర్చీలో ఆ పిల్ల చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎవరో కొట్టబోతున్నట్టు కూర్చుంది. నాలుగో బొమ్మ నుంచి వీధి మొదలు. సీతాఫలాల గంప ముందు కూర్చున్న ముసలామె వీపు. తర్వాత, దూరంగా, తలకు రుమాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి వీపు. పక్క బొమ్మలో అదే పెద్దమనిషి కాస్త దగ్గరగా. ఆ పక్క దాంట్లో ఇంకా దగ్గరగా, మెడ మీది ముడతలు కూడా కనిపిస్తున్నాయి. ఆ పక్క దాంట్లో వట్టి ఆకాశం, ఒక మూల పక్కకు వాలిన కరెంటు స్తంభం. అంటే పెద్దమనిషి వెనక్కి తిరిగి చూశాడు, మా అన్న పరుగందుకున్నాడు.

పెద్ద ఫోటోలో ఊరు కనిపిస్తుంది. కాంటాక్టులో మాత్రం ఆయనే కనిపిస్తాడు. ఎక్కడ ఆగాడో, ఎక్కడ ధైర్యం చేసి రెండడుగులు ముందుకేశాడో, ఎక్కడ తిట్లు తిన్నాడో అంతా వరసగా ఉంటుంది. పొద్దుటిపూట తీసిన ప్రతి బొమ్మలో కింది అంచున ఆయన నీడ కూడా పడి ఉంటుంది, మోచేతులు రెండూ బయటికి పొడుచుకొచ్చి, గుంజీళ్లు తీయడానికి సిద్ధమైనవాడిలా. నేను ఆ నీడను చూపించి ఏడిపిస్తే, ఆ మాట ఎండకు చెప్పుకొమ్మనేవాడు.

మేము ఆయన స్టూడియో మీది గదిలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన తాలూకా కచేరీలో గుమాస్తా. పొద్దున పోతే పొద్దుగూకాక వచ్చేవాడు. ఫోటోల అన్నది పొట్టి విగ్రహం. మే నెల ఎండలో కూడా నల్లకోటు విడిచేవాడు కాదు. జేబులో ఉన్న రీళ్లకు నీడ కావాలట. రీళ్లు చల్లగా ఉండేవి, ఆయన మాత్రం చెమటలో ఉడికిపోయేవాడు.

కెమెరా మెడలో వేలాడేది. దానికి ముందువైపు రెండు కళ్లు ఉండేవి. పైనుంచి వంగి, మూతలోకి తొంగి చూసి తీయాలి. ఆ మూతలో కుడివైపు పోయే మనిషి ఎడమవైపు పోతున్నట్టు కనిపిస్తాడు. అన్ని ఏళ్లు తీసినా ఆ సంగతి ఆయన కాళ్లకు అర్థం కాలేదు. మనిషి అటు పోతే ఈయన ఇటు పోయేవాడు, పోయి బర్రెకో బండిచక్రానికో తగిలేవాడు. నేల చూపులు చూస్తూ బజారంతా తిరుగుతుంటే, పరాయి ఊరి వాళ్లు పాపం ఏదో పారేసుకున్నాడనుకునేవారు. దయగలవాళ్లు కొందరు ఆయనతో పాటు వంగి వెతికేవారు కూడా.

వెనక నుంచే ఎందుకు తీస్తావని అడిగితే ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉండేది. "మొఖం ఫోటో దిగుతది చెల్లె. కెమెరా జూడంగనే బిర్రుగ అయితది. వీపుకు గా తెలివి లేదు. అది ఎట్లుంటె గట్లనే ఉంటది" అనేవాడు. వినడానికి బాగానే ఉండేది. అసలు కారణం ఇచ్చోడ అంగడి అని ఆయన భార్య, మా వదినె, నా చెవిలో ఊదింది. రజాకార్ల రోజులు, పోలీసు యాక్షన్ అయిపోయిన కొత్తలో ఈయన ఆదిలాబాద్ వైపు ఇచ్చోడలో వారపు అంగడికి పోయి, జనానికి ఎదురుగా నిలబడి కెమెరా ఎత్తాడట. ఎవరి పేర్లు రాసుకుంటున్నారో, ఎవరిని పట్టుకుపోతారో తెలియని కాలమది. సర్కారు మనిషి ముఖాలు పట్టుకోవడానికి వచ్చాడని ఎవరో అన్నారు. చూస్తుండగానే అంగడి ఖాళీ అయింది. పాపం మిరపకాయల ఆమె ఒకతె రాశి వదిలి పోలేక, చేతికందిన చెప్పు తీసుకుంది. ఆ రోజు నుంచి ఈయనకు మనుషుల వీపుల మీద ప్రేమ పుట్టింది.

వదినెకు ఈ వీధి ఫోటోలంటే ఒళ్లు మండేది. కాంటాక్టులు ఆమె చీరల పక్కన దండెం మీదే ఆరేవి మరి. "మీ అన్న ఊరందరి వీపులు కడుగుతడు గని, ఇంట్ల బొక్కెన గూడ కడుగడు" అనేది నాతో, ఆయనకు వినబడేటట్టు. ఆయన వినబడనట్టే ఉండేవాడు.

అయితే ఆ వీధి ఫోటోలన్నీ మిగులు బొమ్మలు. ఎవరో వచ్చి కుర్చీలో కూర్చుని రెండో మూడో ఫోటోలు దిగిపోతారు. రీలు నిండితే గానీ కడగడానికి వీల్లేదు. తక్కినవి వృథా చేయడానికి ఆయనకు మనసొప్పదు. నింపడానికి బజారుకు పోతాడు. పోయినవాడు తొందరగా నింపుకొస్తాడా అంటే అదీ లేదు. వెలుగు బాగాలేదంటాడు, మబ్బు పట్టిందంటాడు, మంచి వీపు దొరకలేదంటాడు. ఆలోగా ఫోటో దిగినవాళ్లు స్టూడియో చుట్టూ తిరుగుతుంటారు.

హుజూరాబాద్ పిల్ల తండ్రిది అదే గతి. ఆదిలాబాద్ నుంచి పెళ్లివారు ఫోటో పంపమని కబురు మీద కబురు చేస్తున్నారు. ఈయన రీలు నిండలేదంటున్నాడు. చివరికి ఆ తండ్రి ఉండబట్టలేక మా అన్న వెంట తానే బజారు తిరగడం మొదలుపెట్టాడు. "గా బర్రె ఫోటో దించరాదె సారు. గా సైకిలాయనను దించు. ఏదో ఒకటి దించు, నీ కాల్మొక్త" అంటూ ఊళ్లో కనబడ్డ ప్రతి ప్రాణినీ చూపించాడట. మా అన్న ఒక్కటీ ఒప్పుకోలేదు. ఆ తండ్రికి కోపమొచ్చి, భుజం మీది కండువా విసురుగా దులుపుకుని బస్టాండు దారి పట్టాడు. అప్పుడు తీశాడు ఈయన పన్నెండో బొమ్మ.

వారం తిరిగాక తండ్రి వచ్చి, కాంటాక్టులో పిల్ల బొమ్మలు చూసుకుని సంతోషించాడు. చివరి దాని మీద వేలు పెట్టి, ఈ కోపిష్టి మనిషెవరని అడిగాడు. తన వీపు తనకెట్లా తెలుస్తుంది? మా అన్న నా వైపు చూడకుండా, ఎవరో బాటసారి అని చెప్పాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని మెట్లెక్కి పైకి పారిపోయాను.

కాంటాక్టు ఆరకముందే ఆయన దాన్ని పట్టుకుని ఆ మెట్లెక్కి వచ్చేవాడు. ఊళ్లో అది చూసేవాళ్లు ఎవరూ లేరు, నేనే దిక్కు. నేను వంకలు పెట్టేదాన్ని. ఈ మనిషి కాళ్లు కోశావన్నా, ఈ గొడుగు మధ్యలో ఎందుకొచ్చింది, అని. నా వంకల కోసమే వచ్చేవాడని నాకు తర్వాత అర్థమైంది. తోడబుట్టినవాళ్లు లేని నాకు ఆయన మీద అంత చనువు ఎట్లా వచ్చిందో తెలియదు. ఆయనంటే నాకు ప్రాణం. అందుకే అంత ఏడిపించేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను కింద వదినెతో బియ్యం ఏరుతుంటే సిరిసిల్ల నుంచి ఒకామె వచ్చింది. నేతపని వాళ్ల మనిషి. చిన్న వయసు, బొట్టు లేదు. భర్త నేసిన తువ్వాళ్లు మూట కట్టుకుని కరీంనగర్ బజారుకు తెచ్చి అమ్ముకునేవాడట. పోయిన వానాకాలం జ్వరం తగిలి పోయాడు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఇప్పుడు బిడ్డ పుట్టింది, అత్త దగ్గర పెట్టి వచ్చింది. ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు.

మరి ఇక్కడికెందుకు వచ్చావని వదినె అడిగితే, ఆమె మెల్లగా చెప్పింది. ఒకసారి భర్త బజారు నుంచి ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పాడట. మెడలో డబ్బా వేసుకున్న ఒక సారు, కింద చూసుకుంటూ, చాలా దూరం తన వెంట నడిచాడని, ఏం పోగొట్టుకున్నాడోనని తనకు జాలేసిందని. ఆ డబ్బా ఫోటోలు తీసేదని ఆమెకు ఈ మధ్యే ఎవరో చెప్పారట. చెప్పి, కుర్చీ దగ్గరున్న మా అన్న వైపు తిరిగింది.

"రేపు బిడ్డ పెద్దగైనంక మా బాపేడి అంటె, ఏం జూపెట్టాలె సారు? జర దేవులాడి చూడు."

నేనూ వదినె ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మా అన్న పోయి కాంటాక్టులు దాచిన రేకుపెట్టె తెచ్చి మధ్యలో పెట్టాడు. ఆమె గుర్తులు చెప్పడం మొదలుపెట్టింది. సన్నటి ముక్కు, గడ్డం మీద చిన్న మచ్చ, నవ్వితే కుడి చెంపన గుంట పడేది, కళ్లు కాస్త పిల్లి కళ్లు. ఆమె ఒక్కో గుర్తు చెబుతుంటే ఈయన నల్లకోటులోకి ఒక్కో అంగుళం కుంచించుకుపోయాడు. పెట్టెనిండా ఉన్నవి వీపులు. ఇంకో రోజైతే నేను పడి పడి నవ్వేదాన్ని. ఆ రోజు నాకు నవ్వు రాలేదు.

మూట దేంట్లో కట్టేవాడని మా అన్న అడిగాడు, కాగితాల్లోంచి తలెత్తకుండా. పెద్ద గళ్ల దుప్పటిలో అంది ఆమె, తానే నేసిందట. ఆ మాట విన్నాక ఆయన చేతులు వేగంగా కదిలాయి. ఒక కాంటాక్టు దగ్గర ఆగాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన దాన్ని ఒక నిమిషం చూసి, మెల్లగా మోకాలి కిందికి జరిపాడు. జరిపి, లేదు బిడ్డా, దొరకలేదు అన్నాడు.

ఆమె కొంగు భుజం చుట్టూ తిప్పుకుని లేచింది. నేను చేయి చాచి ఆ కాగితాన్ని ఆయన మోకాలి కింద నుంచి లాగాను. ఆయన నా చేయి పట్టుకున్నాడు.

"వద్దు చెల్లె. మొఖం లేదు దాంట్ల. గంత దూరం నుంచి ఆశపడి వచ్చింది. సచ్చిపోయిన మనిషి వీపు చూపెట్టి ఎట్ల పంపాలె?"

 అయినా, చూడాలా వద్దా అన్నది చెప్పాల్సింది ఆమె గానీ మనం కాదనిపించింది. నేను లేచి కాగితం ఆమె చేతిలో పెట్టాను. అందులో ఎన్నో వీపులు. పోచమ్మ బోనాలకు పోయే ఆడవాళ్లు, రిక్షా తొక్కేవాడు, గొడుగేసుకున్న పంతులు, మూటలు మోసేవాళ్లే ముగ్గురు. ఏది ఆమె భర్తో మేము చెప్పలేదు. భూతద్దం ఇస్తే ఆమె తీసుకోలేదు. కాగితాన్ని వాకిలి వెలుగుకు పట్టి, ఒక్కటే చూపు చూసి, వేలు పెట్టింది. ఆ వేలు అక్కడే ఉండిపోయింది.

మా అన్న మెల్లగా, ముఖం పడలేదు బిడ్డా, తప్పయింది అన్నాడు. ఆమె విన్నదో లేదో తెలియదు. దీన్ని పెద్దగా చేసి ఇయ్యమంది. అంతే అంది.

ఆయన ఆ ఒక్క బొమ్మ మీద పడ్డ పాటు ఏ జమీందారు పెళ్లి ఫోటో మీదా పడలేదు. ఎన్ని కాగితాలు పాడుచేశాడో. చివరికి వచ్చిన దాంట్లో దుప్పటి గళ్లు, చొక్కా మీద చెమట మరక, ఎడమ భుజం బరువుకు కుంగి కుడి భుజం ఎత్తుగా లేవడం, ఎత్తిన మడమ కింద దుమ్ము, అన్నీ ఉన్నాయి. వారం తిరిగాక ఆమె మళ్లీ వచ్చి, దాన్ని కొంగులో చుట్టుకుని సిరిసిల్ల బస్సెక్కింది.

ఆమె పోయాక ఈయనకు రంధి పట్టుకుంది. మొహమాటానికి తీసుకుపోయిందేమో, ఇంటికి పోయి పెట్టె అడుగున పడేసిందేమో, బిడ్డకు చూపిస్తే బిడ్డ జడుసుకుంటుందేమో అని నన్ను చంపుకుతినేవాడు. ఒకరోజు అన్నం తింటూ తింటూ ఆగి, ఏడాది మాసికం నాడు పటానికి బొట్టు పెట్టాలి కదా, ఎక్కడ పెడతారని అడిగాడు. మెడ మీద పెడతారులే అని వదినె వేళాకోళం చేసింది. ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి వదినె ఆ మాట ఎత్తలేదు. అన్నిటికంటే విచిత్రం, ఆయన కెమెరా పట్టుకుని మనుషుల ముందుకు పోవడం మొదలుపెట్టాడు. అయ్యా, ఒక ఫోటో అని అడిగేవాడు. వాళ్లు వెంటనే చేతులు కట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, గోడకు కొట్టిన మేకుల్లా నిలబడేవారు. అట్లాంటివి ఒక రీలంతా తీసుకొచ్చి నాకు చూపించాడు. పోలీసు ఠాణాలో పెట్టుకోవడానికి పనికొస్తాయన్నాను.

ఏడాదో రెండేళ్లో గడిచాక మా ఆయన మేనమామ ఇంట్లో పెళ్లికి సిరిసిల్ల పోయాం. బయల్దేరే ముందు ఫోటోల అన్న మెట్ల దగ్గర నిలబడ్డాడు.  నేనే, పోయి చూసొస్తాలే అన్నాను.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. ఆమె వాకిట్లో కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి చాప వేసింది. లోపల గోడకు కొండగట్టు అంజన్న పటం, దాని పక్కన అదే ఎత్తులో, అద్దం కట్టించిన, మా అన్న తీసిన ఫోటో. బంతిపూల దండ వేసి ఉంది. గళ్ల దుప్పటి మూట మధ్యలో, అద్దం మీద, గుండ్రంగా కుంకుమ బొట్టు. ఒక చిన్నపిల్ల గడప దగ్గర నిలబడి నన్ను చూస్తోంది. సన్నటి ముక్కు, పిల్లి కళ్లు. నేను పలకరిస్తే నవ్వింది, కుడి చెంపన గుంట పడింది.

నాకు అడగాలా వద్దా తెలియలేదు. సారు చాలా బాధపడుతున్నాడని, ముఖం లేని పటం ఇచ్చానని కుమిలిపోతున్నాడని చెప్పాను. ఆమె కండె ఆపి నా వైపు చూసింది. సారుకు ఆ బాధ ఎందుకో ఆమెకు అర్థం కానట్టే ఉంది.

"మొఖం నా బిడ్డ మీద ఉన్నదక్కా. రోజు చూస్తనే ఉన్న. ఆయన నడకనే యాడ లేకుండె."

తిరిగొచ్చిన రోజు పెట్టె కూడా దించకుండా స్టూడియోలోకి పోయాను. ఆయన కుర్చీ తుడుస్తున్నాడు. వదినె వెనక గుమ్మంలో నిలబడి ఉంది. సిరిసిల్ల ఆమె అన్న మాట అన్నట్టే, ఒక్క అక్షరం పోకుండా చెప్పాను. ఆయన తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. బొట్టు ఎక్కడ పెట్టారని అడిగాడు. మూట మీద అన్నాను.

నవ్వాడు. నవ్వుతూనే, రీలు కడిగేది ఉందంటూ చీకటి గదిలోకి పోయి లోపల గడియ పెట్టుకున్నాడు. ఆ రోజు కడగడానికి ఒక్క రీలు కూడా లేదని వదినెకు తెలుసు. ఆమె చాయ తెచ్చి, తలుపు కొట్టకుండా గడప దగ్గర పెట్టి, పైన పళ్లెం కప్పి పోయింది.